నలుసు ఫోను

ఊరట కేంద్రంలో పనిచేసేవాళ్ళకి ఒక పిచ్చి అలవాటు ఉండేది. డ్యూటీ అయిపోయి, బ్యాగు భుజానికి తగిలించుకుని కూడా మళ్ళీ కుర్చీలో కూలబడి ఒక్క ఫోను చేసేవాళ్ళు. పొద్దుటి నుంచి మాట్లాడిన పాతికమందిలో ఎవరో ఒకరు కంట్లో నలుసులా మిగిలిపోతారు కదా, వాళ్ళకి. "ఏం లేదండీ, ఊరికే చేశాను. అన్నం తిన్నారా?" అంతే, ఆ పాటి మాటే. దానికి నలుసు ఫోను అని పేరు పెట్టుకున్నారు. అది చెయ్యమని ఏ సర్క్యులరూ చెప్పలేదు. ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు. అభిమానం కొద్దీ చేసేదాన్ని రాసుకోవడం కూడా ఏంటి, చోద్యం కాకపోతే, అనుకునేవాళ్ళు. అలా రాసుకోకపోవడమే చివరికి కొంప ముంచింది.

ఊరట అంటే కాకినాడలో ఒక ట్రస్టువాళ్ళ ఆసుపత్రి మీద, మూడో అంతస్తులో ఉండే కౌన్సెలింగ్ సెంటరు. ఎనిమిది కుర్చీలు, ఎనిమిది ఫోన్లు. బతకడం మీద ఆశ పోయినవాళ్ళు, మొగుడితో దెబ్బలు తిన్నవాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు, ఊరికే ఒక మనిషి గొంతు వినాలనిపించినవాళ్ళు, అందరూ అక్కడికి ఫోను చేస్తారు. కస్తూరి అక్కడ పద్దెనిమిదేళ్ళుగా ఉంది. వయసు నలభై అయిదు. కిటికీ పక్క కుర్చీ ఆవిడది. ఫోనులో అవతలివాళ్ళు ఊపిరి పీల్చే తీరును బట్టి వాళ్ళు నిలబడి ఉన్నారో కూర్చున్నారో చెప్పేస్తుందని కొత్తగా చేరినవాళ్ళు ఆమె గురించి గొప్పగా చెప్పుకునేవారు.

గొప్ప సంగతి అలా ఉంచండి. ఇంట్లో ఆమె పడే అవస్థ ఎవరికి తెలుసు? ఆవిడకి నలుసు ఒకటితో పోయేది కాదు. పొయ్యి మీద పప్పు పెట్టి పెరట్లోకి వెళ్ళి ఎవరికో ఫోను చేసేది, పప్పు మాడేది. కూతురు ఇందుజ బళ్ళో నాట్యం చేసినరోజు ఈవిడ హాలు బయట వరండాలో నిలబడి తునిలో ఎవరో ముసలాయనతో మాట్లాడుతోంది. ఆ పిల్లకి అప్పుడు పదేళ్ళు. ఇంటికొచ్చాక అలిగి, ఫోనులో వాళ్ళతో మాట్లాడినంత మెత్తగా నాతోనూ ఒకసారి మాట్లాడమ్మా అంది. ఆ మాట తొమ్మిదేళ్ళయినా కస్తూరి గుండెలో ముల్లులా ఉండిపోయింది. భర్త శేషగిరి పోర్టులో క్రేను నడుపుతాడు, నోరున్న మనిషి కాదు. మాడిన పప్పు మాట్లాడకుండా తినేవాడు. అది మరీ బాధగా ఉండేది.

ఆ ఏడాది ఎనిమిది కుర్చీల్లో అయిదుగురు మానేశారు. ఒకమ్మాయి చీరల కొట్టులో చేరిపోయి, చీర నచ్చకపోతే పక్కన పడేస్తారు గానీ చచ్చిపోతానని బెదిరించరు కదక్కా అంది. ట్రస్టువాళ్ళు సిబ్బందికి ఉద్యోగ తృప్తి ఏ పాటి ఉందో చూద్దామని ఫారాలు పంచితే వందకి ముప్పై ఒకటి వచ్చింది. కింద నర్సులది ఇంకా అధ్వాన్నం. సరిగ్గా అప్పుడే డాక్టర్ కౌండిన్య దిగాడు.

మనిషి మంచివాడే, అందులో సందేహం లేదు. మెదడు మీద పరిశోధన చేసేవాడు. వాళ్ళమ్మ కూడా నర్సే. చచ్చిపోయిన పేషెంట్ల పేర్లు నిద్రలో పలవరించేదని, యాభై నిండకుండానే మంచం పట్టిందని తనే చెప్పాడు. ఆయన తెచ్చింది ఓ సన్నటి నల్లపట్టీ. బడిపిల్లలు జుట్టుకి పెట్టుకునే బ్యాండులా ఉంటుంది. డ్యూటీ దిగాక ఇరవై నిమిషాలు తలకి పెట్టుకుంటే చాలన్నాడు. అందరికంటే పెద్దది గనక మొదట కస్తూరినే కూర్చోబెట్టి తలకి పట్టీ పెట్టాడు.

ఆ ఉదయమే తాళ్ళరేవు నుంచి ఒకాయన ఫోను చేశాడు. "మా ఆవిడకి మీరే చెప్పండి," అంటూండగా లైను కట్టయిపోయింది. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. అది తలుచుకోమన్నాడు డాక్టరు. కస్తూరి తలుచుకోగానే ఎదురుగా తెర మీద ఒక ఎర్రచుక్క వెలిగింది.

"సగంలో ఆగిన ప్రతి పనికీ మెదడు ఇలా ఒక దీపం పెట్టుకుంటుందండి. పనయితే ఆర్పేస్తుంది. మీ ఉద్యోగంలో ఏ పనీ అవదు, అందుకని ఆ దీపాలు ఆరవు. ఈ పట్టీ వాటిని ఆర్పుతుంది, ఇంకేం చెయ్యదు," అని మీట నొక్కాడు.

చుక్క మెల్లిగా వెలిసిపోయింది. తాళ్ళరేవు మనిషిని కస్తూరి మర్చిపోలేదు. గొంతు జ్ఞాపకముంది, చివరి మాట జ్ఞాపకముంది. మనసు పీకడం మాత్రం లేదు. ఆ పని తను చేసేసినట్టే ఉంది. వింతగా ఉందండీ అంటూ నవ్వేసింది. ఆరోజు బ్యాగు తగిలించుకుని సరాసరి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళి బెండకాయ వేపుడు చేసింది. మాడలేదు. ఇందుజ కాలేజీ కబుర్లు చెబుతుంటే మొదటి నుంచి చివరిదాకా విన్నది. తెలుగు మేడమ్ నడకని ఆ పిల్ల అనుకరిస్తుంటే కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. శేషగిరి తింటూ తింటూ చెయ్యి ఆపి పెళ్ళాం వంక చూసి, ఈ పట్టీ ఏదో పదేళ్ళ ముందు వచ్చుంటే ఎంత బావుండేదన్నాడు. అంత పెద్ద మాట అతని నోట రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. కస్తూరికి సుఖంగా ఉంది. సుఖపడటంలో తప్పేముంది? పద్దెనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ ఏడుపులు మోసిన మనిషి ఓ పూట తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటే కాదనేవాళ్ళెవరు?

నెల తిరిగేసరికి ఊరటలో అందరికీ పట్టీలు వచ్చాయి. రెండో నెలలో కింద నర్సులకి కూడా ఇచ్చారు. పెట్టుకోనిది నూర్జహాన్ ఒక్కతే. ఆమెకి అప్పుడు రెండో నెల, కడుపుతో ఉన్నవాళ్ళకి వద్దన్నాడు డాక్టరు. కస్తూరి పక్క కుర్చీ నూర్జహాన్‌ది. అందరూ పట్టీలు పెట్టుకుని కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుంటే ఆ పిల్ల ఒక్కతే మూలకి తిరిగి, ఎవరినో అన్నం తిన్నారా అని అడుగుతూ ఉండేది. అది చెవిన పడ్డప్పుడల్లా కస్తూరికి జాలేసేది. పాపం, దీని కాన్పు తొందరగా అయిపోతే ఇది కూడా సుఖపడుతుంది కదా అనుకునేది.

అయిదో నెలలో మళ్ళీ ఫారాలు పంచారు. ఈసారి వందకి తొంభై ఏడు. ఒక్కరూ ఉద్యోగం మానలేదు. ట్రస్టు చైర్మన్ వచ్చి డాక్టరుకి శాలువా కప్పి, అందరికీ కాజాలు పంచి, మిగతా నాలుగు ఊళ్ళలో ఆసుపత్రులకి కూడా పట్టీలు తెప్పిస్తానన్నాడు. నలుసు ఫోన్లు ఆగిపోయిన సంగతి ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. రాస్తే కదా తెలిసేది. కింద వార్డుల్లోనూ అంతే. డ్యూటీ అప్పగించేసి గుమ్మం దాకా వెళ్ళిన నర్సు, ఎందుకో మనసొప్పక, వెనక్కొచ్చి ఆ ఆరో నంబరు మంచం పిల్లాడి ఒళ్ళు ఇంకోసారి పట్టుకు చూడటం ఉండేది ఇదివరకు. ఇప్పుడు ఎవరూ వెనక్కి రావడం లేదు. అదీ ఏ లెక్కలోనూ లేదు.

ఒక బుధవారం, పదకొండింటికి, కస్తూరి ఫోను మోగింది. అవతల ఆడపిల్ల గొంతు. నిదానంగా, శుభ్రంగా మాట్లాడుతోంది. పేరు సుభాషిణి అని చెప్పి, బయటికి పొక్కదు కదా అని అడిగింది. పొక్కదని కస్తూరి మాటిచ్చాక, కింద పిల్లల వార్డులో నర్సునని, ఇరవై ఆరేళ్ళని చెప్పింది. పట్టీ పెట్టుకోవడం మానేసి పాతిక రోజులైందట. అయినా తేడా ఏమీ లేదట.

"నాకేం బాధ లేదండి. అదే చెబ్దామని చేశాను. ఇదివరకు ఇంటికెళ్తే సవాలక్ష ఉండేవి. అమ్మ మందులు, తమ్ముడి ఫీజు, వార్డులో పిల్లలు. ఇప్పుడు దేన్ని తల్చుకున్నా అయిపోయినట్టే ఉంటుందండి. రేపటి పని కూడా అయిపోయినట్టే ఉంది. తృప్తిగానే ఉంది. ఇంక చెయ్యాల్సిందేమీ మిగల్లేదు."

కస్తూరి అడగవలసినవన్నీ అడిగింది. నిద్ర పడుతోందా? పడుతోంది. తిండి? తింటోంది. ఏడుపు వస్తోందా, భయంగా ఉందా, ఎవరైనా ఏమైనా అన్నారా? అదేం లేదండి, అందరూ మంచివాళ్ళేనండి అంది. పద్దెనిమిదేళ్ళ నుంచి కస్తూరి చెవి బాధ కోసం వినడం నేర్చుకుంది. ఆ గొంతులో బాధ లేదు. సంతోషంగా ఉండమ్మా అని దీవించి, కాగితం మీద "ఇబ్బంది లేదు, తృప్తిగా ఉంది" అని రాసి పెట్టేసింది.

నూర్జహాన్‌కి అప్పుడు ఎనిమిదో నెల. తన ఫోను మోగకుండా ఉన్న ఆ కాసేపూ పక్క నుంచి ఈ మాటలన్నీ వింది. రెండింటికి డ్యూటీ దిగి కస్తూరి పట్టీ చేతిలోకి తీసుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడి, ఆ నర్సమ్మాయికి ఒక్కసారి ఫోను చెయ్యమంది.

"బాధ లేదని చెప్పిన పిల్లకి ఫోను చేసి లేని బాధ తెచ్చిపెట్టమంటావా?"

"ఏమోనక్కా, నాకు మాత్రం మనసు పీకేస్తంది. పోనీ నంబరివ్వు, నేనే చేస్తాను."

ఊరటలో ఒక నియమముంది. ఎవరు ఎత్తిన ఫోను వాళ్ళదే, నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు. పాత రోజుల్లో అయితే కస్తూరి ఆ నియమాన్ని గంగలో కలిపి తనే నంబరు నొక్కి ఉండేది. ఇప్పుడు నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, నియమం గుర్తుచేసింది. నీకు వంట్లో బాగోక అలా అనిపిస్తోంది, వెళ్ళి కాసేపు పడుకో అంది. పట్టీ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇరవై నిమిషాల తర్వాత లేచి ఇంటికెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్న లిఫ్టు దగ్గర తెలిసింది, సుభాషిణి ఇక లేదని. తన ప్రాణం తనే తీసుకుంది. ముందు రోజు సాయంత్రం డ్యూటీ పద్ధతిగా అప్పగించిందట. లాకరు ఖాళీ చేసి, తాళంచెవి హెడ్ నర్సు బల్ల మీద పెట్టి, తన టిఫిన్ డబ్బా ఆయమ్మకిచ్చి వెళ్ళిందట. ఎంత హుషారుగా ఉందో, మాకెవ్వరికీ అనుమానమే రాలేదు అన్నారు నర్సులు. మధ్యాహ్నం దాకా వాళ్ళు ఏడ్చారు. రెండింటికి పట్టీలు పెట్టుకున్నారు. మూడింటికి క్యాంటీనులో టీ తాగుతూ సినిమా గురించి మాట్లాడుకున్నారు.

కస్తూరి పక్కగదిలో తలుపేసుకుని ఆ బుధవారం ఫోను రికార్డింగు పెట్టుకుని వింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. తనేం తప్పు చేసిందో పాఠం చదివినట్టు స్పష్టంగా అర్థమైంది. ఆ పిల్ల బతికుండగా చేతికందింది, తను వదిలేసింది. పక్కనే ఇంకొకతె అందుకుంటానంటే అడ్డుపడింది. ఇది తెలిశాక మనిషికి కడుపులో దేవాలి, కాళ్ళు వణకాలి, తల గోడకేసి కొట్టుకోవాలి. కస్తూరి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ బాధ కోసం కూర్చుంది. గంటసేపు కూర్చుంది. ఏమీ రాలేదు. ఆ పిల్ల పని కూడా అయిపోయిన పనుల్లో చేరిపోయింది.

ఆ రోజుతో పట్టీ పెట్టుకోవడం మానేసింది. వారం చూసింది, రెండు వారాలు చూసింది. ఫోన్లు వస్తున్నాయి, ఏడుపులు వింటోంది, పెట్టేయగానే అంతా సద్దుమణిగిపోతోంది. దీపాలు ఆర్పడం పట్టీ దగ్గర మెదడు నేర్చేసుకుంది. ఇంక దానికి పట్టీతో పని లేదు.

ఈ సంగతే చెబుదామని డాక్టర్ కౌండిన్య గదికి వెళ్ళింది. సుభాషిణి మాటలు పొల్లు పోకుండా అప్పజెప్పింది. తన సంగతీ చెప్పింది. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

"మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజమండి. వెంటనే ఆపించేయాలి," అన్నాడు.

అని, కాగితం మీద "పట్టీలు ఆపించాలి" అని అందంగా రాసి, దాని మీద గాజుగుండు బరువు పెట్టి, టీ తాగుతారా అన్నాడు. ఇంకేదో చేస్తాడని కస్తూరి చూసింది. ఆయన ముఖం పని ముగించుకున్నవాడి ముఖంలా తేటగా ఉంది. అప్పుడు కనిపించింది, ఆయన చెవుల పైన జుట్టు అణిగి ఉండటం. ఎప్పటి నుంచి పెట్టుకుంటున్నాడో. పాపం, ఆయనకి మాత్రం పలవరింతలుండవా?

టీ తాగి బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే ఆమెకి కూడా ఎంతో తేలిగ్గా ఉంది. చెప్పాల్సింది చెప్పేసింది, ఇంక చేసేదేముంది? గేటు దాటాక గానీ బుర్రకి తట్టలేదు, ఏమీ జరగలేదని. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే వరస, అదే టీ. కాగితం గాజుగుండు కిందే ఉంది. కింద గుమ్మం దగ్గర మిగతా నాలుగు ఊళ్ళకి వెళ్ళే పట్టీల పెట్టెలు లారీకి ఎక్కిస్తున్నారు.

నూర్జహాన్ ఊరుకోలేదు. ట్రస్టుకి ఉత్తరం రాసింది, చైర్మన్ కారుకి అడ్డం నిలబడి మరీ మాట్లాడింది. ఆయన ఓపిగ్గా విని, కాన్పు దగ్గర పడుతోంది గనక కంగారు సహజమని, నెల ముందుగానే సెలవిచ్చి సామర్లకోటలో వాళ్ళ పుట్టింటికి పంపించేశాడు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల కస్తూరి రెండు చేతులూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకేడుస్తోందో కస్తూరికి తెలుసు. తెలియడం వరకే.

తర్వాతి ఆదివారం కస్తూరి పొద్దున్నే లేచి అటక మీదివన్నీ దించింది. పనికిరాని సామానంతా పాతసామాన్లవాడికి వేసేసింది. ఎన్నాళ్ళ నుంచో ఉండిపోయిన మూడు జాకెట్లకి హుక్కులు కుట్టింది. గ్యాసు బుక్ చేసే నంబరు, కరెంటు బిల్లు నంబరు ఒక అట్ట మీద రాసి ఫ్రిజ్జుకి అంటించింది. ఇందుజ సర్టిఫికెట్లన్నీ వరసగా ఫైలులో పెట్టి, బీరువాలో ఎక్కడుంటాయో ఆ పిల్లకి రెండుసార్లు చూపించింది. శేషగిరికి ఇష్టమని పనసపొట్టు కూర చేసింది. అతను కడుపు నిండా తిని, ఇల్లు అద్దంలా ఉందని మెచ్చుకుని, మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళిపోయాడు.

నాలుగయ్యింది. కస్తూరి కాఫీ కలుపుకుని వెనక వరండాలో కూర్చుంది. గాలి బావుంది. పక్కవాళ్ళ పెరట్లో ఎవరో బట్టలు జాడిస్తున్నారు. మనసు నిర్మలంగా ఉంది. ఇంత ప్రశాంతంగా జీవితంలో ఎప్పుడూ లేదు అనుకుంది. అనుకుని, తనకి తనే మెల్లిగా పైకి అనేసింది.

"ఇంక చెయ్యాల్సిందేమీ మిగల్లేదు."

ఆ మాట తన చెవిన తనే విన్నది. పద్దెనిమిదేళ్ళు వేరేవాళ్ళ మాటలు విన్న చెవి అది, ఇంకా పాడవలేదు. అటక, జాకెట్లు, అట్ట మీద నంబర్లు, సర్టిఫికెట్ల ఫైలు, వరసపెట్టి అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఇలాంటి జాబితా ఫోనులో ఎవరైనా చెబితే, అమ్మా మీ పక్కన ఎవరున్నారు, ఒక్కసారి వాళ్ళకివ్వండి అనేది తను. తనకి చావాలని లేదు. ఆ సంగతి గట్టిగా తెలుసు. సుభాషిణికీ లేదు. అయిపోయిన పని ముందు నుంచి లేచి వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయింది, అంతే.

భయం వేస్తుందేమోనని చూసింది. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. ఆ భయం వచ్చేదాకా ఆగితే అది ఈ జన్మకి రాదని మాత్రం బుర్రకి అర్థమైంది. కాఫీ గ్లాసు కింద పెట్టి, లోపల చదువుకుంటున్న కూతుర్ని పిలిచింది.

ఇందుజ పెన్ను చేత్తో పట్టుకునే వచ్చింది. కస్తూరి పక్కన కూర్చోమని, ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. సుభాషిణి గురించి, నంబరు ఇవ్వనన్న సంగతి, డాక్టరు కాగితం, ఇవాళ్టి పనులు, చివరికి ఇప్పుడు తన నోట వచ్చిన మాట. బజారు నుంచి ఏం తేవాలో చెప్పినంత మామూలుగా చెబుతోందని ఆమెకే తెలుస్తోంది. పిల్ల ముఖం పాలిపోయింది.

"అమ్మా, నువ్వు నన్ను భయపెడుతున్నావ్."

"పెట్టాలనే చెబుతున్నానే తల్లీ. ఈ ఇంట్లో భయపడగలిగేది నువ్వూ నాన్నా. నాకు ఆ బుద్ధి పోయింది. నేను బావున్నానని నవ్వుతూ చెప్పినా నమ్మకండి. నన్ను ఒంటరిగా వదలకండి."

"ఎన్నాళ్ళమ్మా?"

తెలియదే తల్లీ అంది కస్తూరి. ఇందుజ ఏడుపు ఆపుకుంటూ ఫోను తీసి, వాళ్ళ నాన్నకి చేసింది. క్రేను మీద ఉంటే ఎత్తడు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. సామర్లకోట నూర్జహాన్ ఆంటీకి చేస్తే రెండో రింగుకే ఎత్తి, అమ్మ పక్కనే ఉండు, కదలకు, ఇప్పుడే ఆటో మాట్లాడుకుని బయల్దేరుతున్నాను అంది. నిండు నెలల మనిషి, ఆ గుంతల రోడ్డు మీద.

ఫోను పెట్టేసి ఇందుజ తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది, ఆకులా వణుకుతోంది. కస్తూరి ఆ వణుకు వంక చూస్తూ కూర్చుంది. అది తన వేళ్ళలోకి ఎక్కుతుందేమోనని ఎదురుచూసింది. ఎక్కలేదు. అయినా వదలొద్దు, ఇంకా గట్టిగా పట్టుకో అంది.